గొంతు ఎక్కడ ఆగింది?

ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర సభ జరుగుతుండగా మైకు ఆగిపోతే, ఆ సంగతి మొట్టమొదట తెలిసేది మాట్లాడేవాడికే. తన గొంతు తనకే చిన్నగా వినిపిస్తుంది. వెనక వరుసలో ఎవడో "అన్నా, వినొస్తలేదు!" అని కేక వేస్తాడు. మైకువాడు పరుగున వచ్చి తీగ కదిపి, రెండుసార్లు "హలో, హలో" అంటాడు. సభ మళ్ళీ సాగిపోతుంది.

కంప్యూటరు మైకు వ్యవహారం దీనికి తలకిందులు. అది ఆగిపోయిన సంగతి అవతల ఉన్న అందరికీ తెలుస్తుంది, ఒక్క మాట్లాడేవాడికి తప్ప. అతని గొంతు అతనికి బాగానే వినిపిస్తోంది గదా! తల ఊపుతూ, చేతులు తిప్పుతూ ఎంతో బాగా చెప్పుకుపోతూనే ఉంటాడు. అవతలివాళ్ళకు కనిపించేది పెదవుల కదలిక మాత్రమే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి క్యాంపస్ ఖాళీ అయిననాడు ఈ మైకు మన చదువుల్లోకి వచ్చి కూర్చుంది. తరగతులు తిరిగి గదుల్లోకి వచ్చాయి గాని, మైకు మాత్రం తిరిగి పోలేదు. ఉద్యోగాల ఇంటర్వ్యూలు, విదేశీ విశ్వవిద్యాలయాల ప్రవేశాలు, సెమినార్లు చాలావరకు తెర మీదనే జరుగుతున్నాయి. తార్నాకలో కోచింగులకు తిరిగి, ఇంగ్లీషు ఉచ్చారణ కోసం అద్దం ముందు నెలల తరబడి సాధన చేసిన విద్యార్థి భవిష్యత్తు ఒక్కోసారి సూదిమొన పట్టేంత రంధ్రం మీద ఆధారపడి ఉంటోంది. అందుకే ఈ వ్యాసం.

హాస్టల్లో నాకు "మైకు డాక్టరు" అనే బిరుదు ఉంది. నేను చదివేది వైద్యమూ కాదు, ఇంజనీరింగూ కాదు. అయినా సాయంత్రం వేళ తలుపు చప్పుడైతే చాలు, "అన్నా, పది నిముషాల్ల ఇంటర్వ్యూ ఉంది. మైకు పనిచేస్తలేదు. జర చూడరాదే" అనే మాట వినబడుతుంది. ఇన్నాళ్ళుగా ఈ కేసులు చూసి నేను గ్రహించినది ఒక్కటే. మైకు "చెడిపోవడం" చాలా అరుదు. గొంతు బయలుదేరిన చోటికీ చేరవలసిన చోటికీ మధ్య దారిలో ఎక్కడో ఆగిపోతుంది. ఆగిన చోటు కనిపెడితే సగం వైద్యం అయిపోయినట్లే.

మైకు లోపల ఏముంది?

ముందు ఆ రంధ్రంలో ఏముందో చూద్దాం. గాలి కదలికను విద్యుత్తుగా మార్చడమే మైకు పని. 1877లో అమెరికాలో ఎమిల్ బెర్లినర్, థామస్ ఎడిసన్ ఎవరికి వారు దీనికి దారి వేశారు. తరువాత టెలిఫోనులలో స్థిరపడిన మైకులో బొగ్గు రవ్వలుండేవి. మాట తగిలినప్పుడు రవ్వలు దగ్గరకు నొక్కుకునేవి, విద్యుత్తు హెచ్చేది. వదులైతే తగ్గేది. ఆ రవ్వలు ఒక్కోసారి ముద్దగట్టేవి. పెద్దవాళ్ళు నల్ల టెలిఫోను రిసీవరును అరచేతిలో ఠపీమని కొట్టి మాట్లాడటం మన అధ్యాపకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ దెబ్బకు రవ్వలు విడిపోయి మాట బాగుపడేది కూడా. ఇప్పటి మైకులో రవ్వలు లేవు కనుక ల్యాప్‌టాపును ఎంత తట్టినా లాభం లేదు.

మన సభల్లో వాడే మైకు వేరు. దానిలో అయస్కాంతం, దాని చుట్టూ కదిలే తీగచుట్ట ఉంటాయి. హెడ్‌సెట్లలో ఉండేది ఎలక్ట్రెట్ మైకు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ దానిని రూపొందించారు. అందులో విద్యుదావేశాన్ని ఏళ్ళ తరబడి పట్టి ఉంచుకోగల పలుచని పొర ఉంటుంది. మాట తగిలి పొర కదిలితే వోల్టేజి మారుతుంది. ఆ మార్పు అతి స్వల్పం కనుక దానికి బలమివ్వడానికి లోపలే ఒక చిన్న ట్రాన్సిస్టరు ఉంటుంది. దానికి కావలసిన కరెంటు కంప్యూటరే అదే తీగ గుండా పంపుతుంది. ఇక కొత్త ల్యాప్‌టాపుల్లో, మొబైల్ ఫోన్లలో ఉండేది సిలికాన్ ముక్క మీద చెక్కిన మైకు. దాని పొర వెడల్పు దాదాపు ఒక మిల్లీమీటరు. మామూలుగా కెమెరా పక్కనే దీని రంధ్రాలుంటాయి.

ఇంతవరకు తయారైంది విద్యుత్తు మాత్రమే. కంప్యూటరుకు విద్యుత్తు హెచ్చుతగ్గులు అర్థం కావు, దానికి తెలిసినవి అంకెలే. తార్నాకలో బస్సెక్కితే చేరే ఈ.సి.ఐ.ఎల్. 1967లో మొదలైంది. అక్కడ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు వచ్చింది. ఆ తరం యంత్రాలకు మన మాట వినే చెవి లేదు. చెవి రావాలంటే మాటను అంకెలుగా మార్చాలి. ఈ పని సౌండు కార్డు చేస్తుంది. సెకనుకు 44,100 సార్లో, 48,000 సార్లో మైకు వోల్టేజిని కొలిచి అంకె వేస్తుంది. ఎందుకన్నిసార్లు? మనిషి చెవి సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు. ఏ కంపనాన్నయినా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలన్నది లెక్క.

గొంతు ప్రయాణం

ఇప్పుడు మొత్తం దారి చూద్దాం. తార్నాక మీదుగా పోయే నాగోలు - రాయదుర్గం మెట్రో మనందరికీ తెలిసిందే. మన గొంతు నాగోలులో ఎక్కి రాయదుర్గంలో దిగవలసిన ప్రయాణికుడనుకోండి. దారిలో దానికి ఎనిమిది మజిలీలు.

మొదటిది మైకు రంధ్రం. రెండోది తీగ, పిన్ను లేదా బ్లూటూత్. మూడోది మాటను అంకెలు చేసే సౌండు కార్డు. నాలుగోది ఆ కార్డుకూ కంప్యూటరుకూ మధ్య దుబాసీ పని చేసే డ్రైవరు. ఐదోది విండోస్, మ్యాక్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టం. ఏ మైకు వినాలో, ఎంత గట్టిగా వినాలో నిర్ణయించేది అదే. ఆరోది అనుమతి, అనగా ఫలానా ప్రోగ్రాము మైకు వాడుకోవచ్చునా లేదా అన్న తీర్మానం. ఏడోది జూమ్, గూగుల్ మీట్ వంటి ప్రోగ్రాము. ఎనిమిదోది ఇంటర్నెట్టు, అవతలివారి స్పీకరు.

ఇందులో ఏ ఒక్కచోట ఆగినా ఫలితం ఒకటే, నిశ్శబ్దం. నిశ్శబ్దానికి ముఖం ఉండదు. అది మొదటి మజిలీలో పుట్టిందో ఏడో మజిలీలో పుట్టిందో చూస్తే తెలియదు. అందుకే మనవాళ్ళు కంగారులో చేతికందినదల్లా మారుస్తారు. డ్రైవరు తీసేస్తారు, జూమ్ తీసి మళ్ళీ పెడతారు, సికింద్రాబాదు సి.టి.సి.కి పోయి కొత్త హెడ్‌సెట్ కొంటారు. ఒక్కోసారి బాగైపోతుంది కూడా. కానీ దేనివల్ల బాగైందో తెలియదు, కాబట్టి మళ్ళీ వస్తే మళ్ళీ అదే తంతు. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే.

మధ్యలో దిగి చూడండి

నాగోలులో ఎక్కిన చుట్టం రాయదుర్గం చేరలేదని ఫోను వచ్చింది. ఎక్కడ వెతుకుతాం? ఒక్కొక్క స్టేషనూ దిగనక్కరలేదు. అమీర్‌పేటలో ఉన్నవాణ్ణి అడుగుతాం: "మనవాడు నీకు కనబడ్డాడా?" కనబడితే తార్నాక, సికింద్రాబాదు గురించి దిగులు లేదు, వెతుకులాట అమీర్‌పేట తరువాతే. కనబడకపోతే వెనక్కి వెతకాలి. ఒక్క ప్రశ్నతో సగం దారి తేలిపోయింది.

మైకు విషయంలో అమీర్‌పేట ఏదంటే, కంప్యూటరులోనే ఉండే రికార్డరు. విండోస్‌లో సౌండ్ రికార్డర్, మ్యాక్‌లో వాయిస్ మెమోస్ లేదా క్విక్‌టైమ్ ఉంటాయి. ఇంటర్నెట్టు అక్కరలేదు, అవతల మనిషీ అక్కరలేదు. మీ పేరు, హాల్‌టికెట్ నంబరు చదువుతూ పది సెకన్లు రికార్డు చేసి వినండి. గొంతు వినబడితే మైకు, తీగ, సౌండు కార్డు, డ్రైవరు అన్నీ బాగున్నట్లే. ఇక డ్రైవరు జోలికి పోవద్దు, కొత్త హెడ్‌సెట్ కొనవద్దు. లోపం అనుమతిలోనో, ప్రోగ్రాములోనో ఉంది. వినబడకపోతే ఒక్కసారి ఆ రికార్డరుకు మైకు అనుమతి ఉందో లేదో చూసుకుని, ఆ తరువాత వెనక్కి నడవండి.

దీనికి తోడు మరో నియమం ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన వెంటనే పరీక్షించండి. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మూడు సీసాలూ ఒకేసారి పోస్తే రంగు దేనివల్ల మారిందో చెప్పలేం గదా!

రికార్డు అవుతుంటే

రికార్డరులో గొంతు ఉంది, మీటింగులో లేదు. అప్పుడు చూడవలసినవి వరసగా చెబుతాను.

మొదట ప్రోగ్రాములో మ్యూట్. గీత కొట్టిన మైకు బొమ్మ కళ్ళెదుటే ఉంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లు, దాన్ని వదిలేసి మిగతావన్నీ వెతుకుతాం. కొన్ని మీటింగులలో నిర్వాహకుడే అందరినీ మ్యూట్ చేసి, తనంత తాను తెరుచుకునే వీలు కూడా ఇవ్వడు. అలాంటప్పుడు చెయ్యెత్తే బొమ్మ నొక్కి అడగడమే మార్గం.

రెండవది, ప్రోగ్రాము ఏ మైకు వింటున్నది? కంప్యూటరుకు ఒక మైకు, ప్రోగ్రాముకు మరో మైకు ఎంపికై ఉండవచ్చు. మా హాస్టల్లో ఒక తమ్ముడి ఇంటర్వ్యూలో ఇదే జరిగింది. తెర పెద్దగా కనబడాలని గదిలోని వేరే మానిటరుకు తీగ తగిలించాడు. ఆ మానిటరులో కెమెరా, మైకు ఉన్నాయి. కంప్యూటరు కొత్తగా వచ్చిన మైకునే నెత్తిన పెట్టుకుంది. కొత్త అల్లుడికి మర్యాద ఎక్కువ గదా! ఆ మానిటరు మైకు మ్యూట్‌లో ఉంది. ప్రోగ్రాములో ఆడియో సెట్టింగు తెరిచి, జాబితాలోంచి ల్యాప్‌టాపు మైకును ఎంచగానే పక్కనున్న పచ్చని గీత కదలడం మొదలుపెట్టింది. అంతే, ముప్పై సెకన్ల పని. కానీ అంతకుముందు అవతలివాళ్ళు రెండు ప్రశ్నలు అడిగి, జవాబు రాలేదని మూడో ప్రశ్నకు పోయారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మూడవది అనుమతి. బ్రౌజరులో మీటింగు తెరిచినప్పుడు "మైకు వాడుకోనా?" అని అది అడుగుతుంది. తొందరలో "వద్దు" అని నొక్కామా, ఆ మాట అది మరిచిపోదు, ఆ సైటు కోసం మళ్ళీ అడగకపోవచ్చు. పైన చిరునామా పక్కనున్న చిన్న బొమ్మ నొక్కి, మైకుకు అనుమతి ఇచ్చి, పేజీని మళ్ళీ తెరవాలి. విండోస్ సెట్టింగులలో కూడా ప్రైవసీ కింద మైక్రోఫోన్ అని ఒక చోటుంది. 2018 ఏప్రిల్ నాటి విండోస్ 10 మార్పుతో ఆ మీట పాత పద్ధతి ప్రోగ్రాములకు కూడా వర్తించడం మొదలైంది. అదే ఏడాది వచ్చిన మ్యాక్ మొజావే నుంచి అక్కడ కూడా ప్రతి ప్రోగ్రాముకూ విడిగా అనుమతి ఇవ్వాలి. ఇచ్చాక ఆ ప్రోగ్రామును పూర్తిగా మూసి తెరవాలి. నిన్న పనిచేసిన మైకు ఇవాళ పనిచేయడం లేదంటే, రాత్రికి రాత్రి జరిగిన అప్‌డేట్ ఏదైనా ఈ మీటలను కదిపిందేమో చూడడం మంచిది. ఈ మీటలు మనల్ని సతాయించడానికి పెట్టినవి కావు. మనకు తెలియకుండా ఎవరూ మన గది మాటలు వినకుండా పెట్టిన తలుపులు. ఇంటివాడే బయట ఉండి తలుపు గడియ పడితే ఎలా ఉంటుందో అలా అవుతుంది, అంతే.

నాలుగవది, మైకును మరొక ప్రోగ్రాము పట్టుకుని కూర్చోవడం. పొద్దున క్లాసుకు తెరిచిన ప్రోగ్రాము వెనకాల ఇంకా నడుస్తూ ఉండవచ్చు. కొత్త విండోస్‌లో గడియారం దగ్గర చిన్న మైకు బొమ్మ, కొత్త మ్యాక్‌లో నారింజ రంగు చుక్క కనబడితే ఎవరో మైకు వాడుతున్నారని అర్థం. మిగతావన్నీ మూసేయండి. "ఒకసారి రీస్టార్ట్ చెయ్" అనే సలహా చాలాసార్లు ఫలించడానికి కారణం కూడా ఇదే. పట్టుకున్నవాళ్ళందరూ వదిలేస్తారు.

రికార్డు కాకపోతే

ఇక్కడ వెనక్కి నడవాలి. మొదట సెట్టింగులలో సౌండ్, అందులో ఇన్‌పుట్ చూడండి. ఏ మైకు ఎంపికైంది, దాని శబ్దం సున్నాలో ఉందా, మాట్లాడితే గీత కదులుతున్నదా? ల్యాబుల్లో లినక్స్ వాడే మిత్రులు అల్సామిక్సర్ తెరిచి ఎఫ్4 నొక్కితే మైకు మీటలు వస్తాయి. స్పేస్‌బారుతో క్యాప్చర్ తెరిచి, పైబాణంతో పెంచుకోవచ్చు.

తరువాత చేతితో చూసేవి. కొన్ని ల్యాప్‌టాపులకు కీబోర్డు మీదనే మైకు మూసే మీట ఉంటుంది. దాని దీపం వెలుగుతుంటే మైకు మూసి ఉందన్నమాట. హెడ్‌సెట్ తీగ మీద చిన్న స్విచ్చు ఉంటుంది, జేబు అంచుకు రాసుకున్నా అది కదలవచ్చు. కొన్నింటిలో మైకు కొమ్మను పైకి లేపితే చాలు, మ్యూట్ అయిపోతుంది. బల్ల మీది డెస్క్‌టాపులకు మామూలుగా సొంత మైకే ఉండదు. ఈ ముక్క తెలియక గంటసేపు సెట్టింగులు తిప్పిన వాళ్ళను ఎందరినో చూశాను.

ఇక పిన్ను. మొబైలుతో వచ్చే ఇయర్‌ఫోను పిన్నును వేలి మధ్య పెట్టి చూడండి, దాని మీద మూడు నల్ల గీతలుంటాయి. అంటే నాలుగు భాగాలు: ఎడమ చెవి, కుడి చెవి, భూమి తీగ, మైకు. రెండే గీతలుంటే ఆ తీగలో మైకుకు చోటు లేదు. పాత డెస్క్‌టాపుకు వెనక గులాబి రంగు రంధ్రం మైకుకు, ఆకుపచ్చది వినడానికి. మూడు గీతల పిన్నును పచ్చ రంధ్రంలో పెడితే పాట బ్రహ్మాండంగా వినబడుతుంది, మైకు మాత్రం పలకదు. గులాబిలో పెట్టినా సరిగా కుదరదు. ఒక పిన్నును రెండుగా చీల్చే చిన్న తీగ కోఠీ గుజరాతీ గల్లీలోనైనా, సి.టి.సి.లోనైనా దొరుకుతుంది. ల్యాప్‌టాపుకు ఒకటే రంధ్రం ఉంటే ఆ బాధ లేదు గాని, పిన్ను చివరిదాకా పోయిందో లేదో చూడాలి. సగం దిగిన పిన్నుకు వినికిడి ఉంటుంది, మాట ఉండదు.

యూఎస్‌బీ హెడ్‌సెట్ సౌండు కార్డును తనతోనే తెచ్చుకుంటుంది. అది పనిచేసి ల్యాప్‌టాపు మైకు పనిచేయకపోతే, లోపం ల్యాప్‌టాపు మైకులోనో సౌండు కార్డులోనో దాని డ్రైవరులోనో ఉందని తేలుతుంది. డ్రైవరు ముట్టుకోవలసిన చోటు ఇదొక్కటే. డివైస్ మేనేజరులో ఆ సౌండు పరికరాన్ని తీసివేసి రీస్టార్ట్ చేస్తే, విండోస్ దాన్ని తిరిగి గుర్తించి పెట్టుకుంటుంది.

బ్లూటూత్ వాళ్ళకో మాట. ఎక్కువ హెడ్‌సెట్లలో రెండు పద్ధతులుంటాయి. పాటల పద్ధతిలో వినికిడి బాగుంటుంది, మైకు ఉండదు. ఫోను పద్ధతిలో మైకు ఉంటుంది, వినికిడి నాసిరకమవుతుంది. ఈ మార్పు సరిగా జరగనప్పుడే మాట ఆగుతుంది. సులువు ఏమిటంటే, వినడానికి హెడ్‌సెట్, మాట్లాడటానికి ల్యాప్‌టాపు మైకు అని విడివిడిగా ఎంచుకోవడం.

చివరగా రంధ్రం. మన రోడ్ల దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. కెమెరా మూసుకోవడానికి అతికించిన స్టిక్కరు పక్కనున్న మైకు రంధ్రాన్ని కూడా మూసేయవచ్చు. దుమ్మును మెత్తని బ్రష్షుతో తుడవండి. దయచేసి సూది, పిన్నీసు పెట్టకండి. లోపల ఒక మిల్లీమీటరు పొర ఉందని ముందే చెప్పాను. అది చిరిగితే ఇక ఏ సెట్టింగూ దాన్ని కాపాడలేదు.

మైకు ఉన్నా మాట నిలవకపోతే

కొన్నిసార్లు గొంతు చేరుతుంది, వంకరగా చేరుతుంది. ఇప్పటి ప్రోగ్రాములు ఫ్యాను చప్పుడు, హారన్లు వినబడకుండా తీసేస్తాయి. మనిషి మాటను ఉంచి మిగతాది రొద అని తీసివేయడం వాటి పద్ధతి. జానపద కళల మీద పరిశోధన చేసే మిత్రుడు డప్పు వాయించి చూపిస్తే, అవతల చేతులు ఆడటమే కనబడవచ్చు, దరువు వినబడకపోవచ్చు. ఆ యంత్రం దృష్టిలో డప్పు రొద! జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" అనే మీట వేస్తే ఈ వడపోత ఆగుతుంది. చాలా మెల్లగా మాట్లాడేవారి పదాల చివరలు కూడా ఈ వడపోతలో రాలిపోతుంటాయి.

సభలో వాడే మైకును నేరుగా ల్యాప్‌టాపుకు తగిలిస్తే గొంతు బావిలోంచి వచ్చినట్లుంటుంది. ఆ మైకు ఇచ్చే విద్యుత్తు హెడ్‌సెట్ మైకు ఇచ్చేదానికన్నా బాగా తక్కువ. విండోస్‌లో మైక్రోఫోన్ బూస్ట్ 20 డెసిబెల్స్ పెంచితే వోల్టేజి పదింతలవుతుంది, కానీ దానితోపాటు గరగర శబ్దమూ పదింతలవుతుంది. మధ్యలో ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె పెట్టుకోవడమే సరైన దారి. యూనియన్ తరఫున ఆన్‌లైన్ సభలు పెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఒకే గదిలో ఇద్దరు మిత్రులు ఒకే క్లాసును రెండు ల్యాప్‌టాపుల్లో తెరిస్తే "కూయ్" మని చెవులు చిల్లులు పడతాయి. ఒకడి స్పీకరు మాట మరొకడి మైకులో పడి, అది మళ్ళీ స్పీకరులో వచ్చి, చుట్టూ తిరుగుతూ పెరుగుతుంది. ఒకరు స్పీకరు, మైకు రెండూ మూసేయాలి. ప, ఫ, భ వంటి అక్షరాలు పలికినప్పుడు ఊపిరి విసురుగా మైకుకు తగిలి ధబ్బుమంటుంది. మైకును నోటికి ఎదురుగా కాక, బుగ్గ పక్కన పెట్టుకుంటే చాలు.

చివరగా రెండు మాటలు

ఇంటర్వ్యూ ఇచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ముందుగా చెబుతాను. అరగంట ముందే పది సెకన్ల రికార్డింగు చేసి వినండి. తరువాత మీటింగు ప్రోగ్రాములోని మైకు పరీక్ష చేయండి. పక్కన ఛార్జింగు ఉన్న మొబైలు పెట్టుకుని, అందులో కూడా మీటింగు లింకు సిద్ధంగా ఉంచుకోండి. మధ్యలో గొంతు ఆగితే కంగారు పడక, చాట్‌లో "నా మైకు పనిచేయడం లేదు, రెండు నిముషాలు ఇవ్వండి" అని రాయండి. రెండు నిముషాల్లో కాకపోతే మొబైలులో చేరి, ల్యాప్‌టాపు శబ్దం కట్టేయండి. అవతలివాళ్ళకు కావలసింది మీ జవాబు గాని మీ ల్యాప్‌టాపు కాదు.

ఇంకో మాట అధ్యాపకులకూ, ఇవాళ ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చుంటున్న పూర్వ విద్యార్థులకూ. మానిటరు తగిలించిన తమ్ముడి సంగతి పైన చెప్పాను. ఇంటర్వ్యూ అయ్యాక నేను అడిగాను: "రెండు ప్రశ్నలకు నీ మాట పోలేదని వాళ్ళతో చెప్పినావా?" వాడు తల వంచుకుని అన్నాడు: "లేదన్నా. నా ఇంగ్లీషు వాళ్ళకు సమజైతలేదేమో అనుకున్న." ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. పల్లె నుంచి వచ్చి, ఇంటర్మీడియెట్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు, యంత్రం చేసిన తప్పును తన భాష మీద, తన పుట్టుక మీద వేసుకున్నాడు. అవతలివాళ్ళు కూడా బహుశా అలాగే అనుకుని ఉంటారు, తెలియదు కాబోలు, అందుకే నోరు మెదపలేదని.

మైకు ఆగిన సంగతి మాట్లాడేవాడికి చివరగా తెలుస్తుందని మొదట్లోనే చెప్పాను. కనుక చెప్పవలసిన బాధ్యత వినేవాళ్ళది. పెదవులు కదులుతున్నా మాట రావడం లేదంటే మూడో ప్రశ్నకు పోకండి. "మీ గొంతు వినబడటం లేదు, తొందర లేదు, చూసుకోండి" అనండి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర వెనక వరుసవాడు ఏ మొహమాటమూ లేకుండా చేసే పని ఇదే. వాడి కేక వల్లనే సభ నిలబడుతుంది.

యూనియన్ మిత్రులకు కూడా ఒక మనవి. ప్రతి హాస్టల్లో ఒక మంచి యూఎస్‌బీ హెడ్‌సెట్, రెండు చీలిక తీగలు ఉమ్మడిగా ఉంచితే ఖర్చు పెద్దది కాదు. వాటితోపాటు ఈ ఎనిమిది మజిలీల జాబితా ఒక కాగితం మీద రాసి, నోటీసు బోర్డు మీద అంటిస్తే ఇంకా మేలు. అప్పుడు ఎవరూ "మైకు డాక్టరు" కోసం తలుపు కొట్టనక్కరలేదు. నాకు ఆ బిరుదు పోయినా బాధ లేదు.